పద్నాలుగో నంబరు ఫైలు

సాలమోను నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, పై అరలోని కట్టల మధ్య ఎండిన వేపాకు తీసేసి పచ్చి రెమ్మలు పెడుతున్నాడు. పంటకాలువల ఆఫీసులో రికార్డు గది అతనిది. ఏటిగాలికి కాయితం చెమ్మగిల్లుతుంది, చెమ్మకి పురుగు పడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున్న అతని పని ఇదే. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, నల్లగా, మోకాళ్ళ దగ్గర కాస్త వంగి ఉంటాడు. కట్ట వీపు తడిమి అది ఏ సంవత్సరానిదో చెప్పగలడు.

"సాలమోనూ, కొత్తమ్మాయి వచ్చింది. మధ్యాహ్నానికి ఛార్జి ఇప్పించెయ్," అన్నాడు హెడ్‌క్లర్కు బాపిరాజు గుమ్మంలోంచి.

"ఆయ్."

ఆ అమ్మాయి పేరు సువర్ణ. ఇరవై రెండేళ్ళుంటాయి. తండ్రి కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. కుర్చీ అంచున కూర్చుని, చీర కుచ్చిళ్ళకంటిన బురద కనపడకుండా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

పదకొండింటికి ఆమె బల్ల మీదికి రెండు టీలు వచ్చాయి. ఒకటి బాపిరాజు పంపింది. రెండోది కిటికీ దగ్గర కూర్చునే సీనియర్ గుమాస్తా జగ్గారావు పంపింది. ఆ ఇద్దరికీ ఆరేళ్ళుగా పడదు. ఆఫీసులో ఎవరి టీ తాగితే వాళ్ళ మనిషి కింద లెక్క. సువర్ణ రెండు గ్లాసులకేసీ చూసింది.

"నాకు టీ అలవాటు లేదండీ," అంది.

సాలమోనుకి ముచ్చటేసింది. వెంటనే భయమూ వేసింది.

జగ్గారావు ఆమె బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పద్నాలుగో నంబరు ఫైలు చూసుకోండి. లేదనుకోండి, హెడ్‌క్లర్కు గారే తీసేరని నాలుగు ముక్కలు రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

కాసేపటికి బాపిరాజు నవ్వుతూ వచ్చి ఛార్జి లిస్టు ఆమె ముందు పెట్టాడు. "నూట పన్నెండు ఫైళ్ళు. ఒక్కోటీ చూస్తా కూచుంటే తెమలదు. మా ఇంట్లో పిల్లలాంటిదానివి, సంతకం పెట్టెయ్యమ్మా."

పద్నాలుగో ఫైలు అరలో లేదని సాలమోనుకి తెలుసు. ఒక పెద్ద రైతు అనుమతి లేకుండా కాలువగట్టుకి తూము పెట్టుకున్న సంగతి అందులో ఉంది. పోయిన వేసవిలో బాపిరాజు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. మళ్ళీ తేలేదు. ఇప్పుడు ఈ అమ్మాయి సంతకం పెడితే, పోగొట్టింది ఆమే అవుతుంది.

ఇలాంటి లిస్టు అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో. పాలేరు కొడుకైన తనకి, పాస్టరుగారు నేర్పిన అక్షరాలతో దొరికిన నౌకరీ అది. అప్పుడు త్రిమూర్తులనే కొత్త గుమాస్తా చూడకుండా సంతకం పెట్టాడు. రెండు ఫైళ్ళు లేవని తెలిసీ, నోరు విప్పితే తన ఉద్యోగం ఊడుతుందని సాలమోను ఊరుకున్నాడు. ఊడింది త్రిమూర్తులుది. తరవాత అతను జొన్నాడలో కలప అడితిలో చేరాడు. ఎప్పుడు కనిపించినా "బాగున్నారా సాలమోను గారూ" అని ఆప్యాయంగా పలకరించేవాడు. పల్లెత్తు మాట అనలేదు. ఆ పలకరింపుకి తట్టుకోలేక సాలమోను ఆ దారి బస్సెక్కడమే మానేశాడు. భార్య సుందరమ్మకి కూడా ఈ సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నం రికార్డు గదిలో అతను అన్నం తింటుంటే సువర్ణ వచ్చింది.

"బాబాయిగారూ, సంతకం పెట్టమంటారా?"

"చూసి పెట్టండమ్మా. ఉన్నది ఉందని రాయండి, లేనిది లేదని రాయండి. ఎవరి పేరూ ఎత్తకండి. ఆ రెండు పక్కలవాళ్ళూ మనవాళ్ళు కారండి."

"మీకేవన్నా ఇబ్బంది అవుద్దేమోనండీ."

అతను ముద్ద కలిపాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పాల్సిన మాటమ్మా. ఇప్పుడు చెప్తున్నాను," అన్నాడు.

చెయ్యి కడుక్కుని కట్టలు మోసుకొచ్చాడు. అందరూ వినేలా నంబరు చదువుతూ ఒక్కో ఫైలూ ఆమె ముందు పెట్టాడు. "పన్నెండు. పదమూడు." తరవాత ఆగాడు. "పద్నాలుగు అరలో లేదండీ."

ఆఫీసులో కలాలు ఆగాయి.

"ఎవరు తీసేరో కూడా రాయండి," అన్నాడు జగ్గారావు.

"నేను చూళ్ళేదండీ," అంది సువర్ణ. 'పద్నాలుగు: అరలో లేదు' అని రాసింది. నూట పన్నెండో ఫైలు దాకా చూసి, అప్పుడు సంతకం పెట్టింది.

బాపిరాజు లేచి ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళాడు. నాలుగున్నరకి ఆర్డరు వచ్చింది. సాలమోనుకి ఏటవతలి ఆఫీసుకి బదిలీ, రేపటినుంచే. రోజూ కోటిపల్లి రేవు దాటాలి. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలు. బాపిరాజు పేరు రాయించలేకపోయిన జగ్గారావు తలెత్తి చూడలేదు. సువర్ణ ఒక్కతే లేచి నిలబడింది.

"కూచోండమ్మా. మొదటిరోజే అందరి కళ్ళల్లో పడకండి," అన్నాడు సాలమోను.

రికార్డు గదికి తాళం వేసి తాళంచెవులు, ఒక తెల్లకాయితం బాపిరాజు ముందు పెట్టాడు. "ముట్టినట్టు సంతకం పెట్టండయ్యా," అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో అతను ఆ గొంతుతో ఎవరినీ ఏదీ అడగలేదు. బాపిరాజు పెట్టాడు.

ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, క్యారేజీ పట్టుకుని, కాలువగట్టు వెంట ఇంటిదారి పట్టాడు.

తాళం వేసిన రికార్డు గదిలో, ఆఫీసువాళ్ళిచ్చిన అతని ఖాకీ కోటు గోడ మేకుకే ఉంది. దాని రెండో గుండీ, కొబ్బరిచిప్ప అరగదీసి అతనే కుట్టుకున్నది, నల్లగా నున్నగా మెరుస్తోంది.