మోజెల్ పాదం

ఓర్లీనా టిబ్స్ పాటల్లో ఒక వింత ఊపు ఉంది. డ్రమ్ము దెబ్బ పడవలసిన చోట పడదు. రెప్పపాటు ఆగి పడుతుంది. ఆ రెప్పపాటులో వినేవాళ్ల ఒళ్లు తనంతట తానే ముందుకు వాలుతుంది. మా మెంఫిస్ కళాశాలలో నేను సంగీత చరిత్ర బోధించినంతకాలం విద్యార్థులు దానికి కారణం అడిగేవారు. కారణం ఒక ఇస్త్రీ యంత్రం.

ఓర్లీనా తల్లి మోజెల్ లాండ్రీలో పనిచేసేది. ఆ యంత్రం పెడలు తొక్కి తొక్కి ఆమె చీలమండ బిగుసుకుపోయింది. అప్పట్లో మా చర్చిలో డ్రమ్ములు లేవు. చెక్క నేల మీద మా పాదాలే తాళం. మోజెల్ పాదం మాత్రం అందరికంటే కాస్త వెనకగా దిగేది. ఆమె ఒళ్లో పెరిగిన ఓర్లీనాకు అదే అసలు తాళమైంది. అందువల్లనే స్టూడియోలో తొలి పాట ఎంతకీ కుదరనప్పుడు, తల్లిని పిలిపించి మైకు పక్కన కుర్చీ వేయించింది. డ్రమ్మర్ ఆ పాదాన్ని అనుసరించాడు. అతణ్ని విని ఊళ్లోని తక్కిన డ్రమ్మర్లూ అలాగే వాయించసాగారు. ఆ పాటలతోనే మా పెళ్లిళ్లు జరిగాయి. కాపురాలు చెడినప్పుడు వాటినే పెట్టుకుని ఏడ్చాం.

తరువాత వాళ్ల ఇల్లు కాలి, మోజెల్ ఫొటోలన్నీ పోయాయి. ఆమె గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఆమె పోయాక మిగిలింది, ఆ రికార్డుల్లో పడిన పాదం చప్పుడే.

ఓర్లీనా పాటలన్నీ కలిపి కొత్తగా విడుదల చేయాలని కంపెనీ తలపెట్టింది. ఆ సందర్భంగా ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చిలోనే ఆమెకు సత్కారం ఏర్పాటు చేశాం. వేయించిన చేపల వాసన, రంగుటద్దాల గుండా వాలిన ఎండ కలిసి గది ఒక తీయని మగతలో తేలుతున్నట్టుంది. కంపెనీ ఇంజనీరు టెరన్స్, తాను శుభ్రం చేసిన పాటలతో వచ్చాడు. ఓర్లీనా విని సరేనంటే అవే అచ్చుకు వెళ్తాయి. పాత టేపులు ఇక తిప్పితే పొడిగా రాలిపోతాయట. మళ్లీ వాటిలోంచి పాటలు ఎక్కించుకునే అవకాశం లేదు.

తొలి పాట మోగింది. ముందు వరుసలో ఓర్లీనా చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

"ఎలా ఉంది మేడమ్? గరగర అంతా తీసేశాను. అద్దంలా ఉంది కదూ!"

"మా అమ్మ ఏదీ?" అంది ఓర్లీనా.

టెరన్స్ తెల్లబోయాడు. ఓర్లీనా నా వైపు తిరిగింది. "ప్రొఫెసరమ్మా, ఊరందరికీ పాఠాలు చెప్పావుగా, ఈ బాబుకీ కాస్త చెప్పు."

చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. "ఎవరో బల్ల తడుతున్నారనుకున్నానండీ. అదీ తాళం తప్పి..."

"తాళం తప్పిందా!" వెనక వరుసలోంచి మా చర్చి పెద్దావిడ సిస్టర్ లవీనియా అరిచింది. "నువ్వు పుట్టకముందు నుంచీ దానికే చిందేస్తున్నాం నాయనా! ఒక్కళ్లం కూడా పడలేదు!"

అందరూ నవ్వారు. టెరన్స్ మాత్రం నవ్వలేదు. "డ్రమ్మును కూడా కాస్త ముందుకు జరిపానండీ. సరిచేస్తున్నాననుకున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. చీలమండ చెరిగితే డ్రమ్ము చెరిగింది. డ్రమ్ము చెరిగితే పాట ఎవరిదైనా కావచ్చు.

"మళ్లీ పెట్టు," అంది ఓర్లీనా. చెప్పు విప్పింది.

ఓర్లీనాకు పాడే గొంతు పోయి చాలా కాలమైంది. పాదం మాత్రం పలికింది, రెప్పపాటు ఆగి. ఒక పక్కన కూర్చున్నావిడ పాదం, ఆ పైన వెనక వరుసలు, చివరికి నేలంతా. స్పీకరులోని పాట తోడు లేని మనిషిలా ముందు ముందుకు పోతోంది. టెరన్స్ దాన్ని ఆపేశాడు. పాదాలు ఆగలేదు. ఎండ నీలంగా, ఎర్రగా నేల మీద ఊగుతోంది. తెల్లటి గౌనులో, ఒక కాలు కాస్త చాపుకుని ఎవరో కూర్చున్నట్టు ఓర్లీనాకు రెండో పక్కనున్న ఖాళీ కుర్చీ నాకు నిండుగా కనిపించింది.

టెరన్స్ బూటు మొదట తొందరపడింది. తరువాత ఆగడం నేర్చుకుంది.

"ఇప్పుడు వినిపించిందా బాబూ?"

"వినిపించింది మేడమ్."

"శుభ్రం చెయ్యనిది నీ దగ్గరుందా?"

"టేపులోంచి కంప్యూటరులోకి ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది. పాదం, డ్రమ్ము మళ్లీ పెట్టేస్తాను. గరగర మాత్రం..."

"అదీ ఉండనీ. ఆ గదిలోనే కదా ఆవిడ కూర్చుంది! ఇంకో గదికి మార్చకు. అలాగైతేనే సరే."

అతను తలవంచి ఏదో నొక్కాడు. గరగర మొదలైంది, దూరాన వాన పడుతున్నట్టు. అందులోంచి ఒక కుర్చీ కిర్రుమంది. మేమంతా కాళ్లు కదపకుండా ఎదురుచూశాం. రెప్పపాటు ఆగి, మోజెల్ వచ్చింది.