తడి నీడ

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అక్క పెరట్లోకి వెళ్ళి తూర్పువైపు ఇటుక మీద నిలబడేది. అప్పటికి ఎండ గోడ దిగి మళ్ళలోకి వచ్చేది. ఆమె నీడ క్యాబేజీ మొక్కల మీదుగా సాగి పడేది. పడినచోటల్లా మట్టి నల్లబడి తడిసేది. కొందరికి గొంతు బాగుంటుంది, కొందరి చేతివంట బాగుంటుంది. ఆమెకి నీడ తడి, అంతే.

ఆ ఊళ్ళో చలికాలమైనా చలి పెద్దగా ఉండదు, ఒక్క స్వెటర్ చాలు. కానీ చినుకన్నది పడదు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినా దగ్గినట్టు వస్తుంది. పొడిగాలికి మట్టి పెచ్చు కట్టేస్తుంది. చుట్టుపక్కల పెరళ్ళన్నీ ఎండుగడ్డి కప్పుకుని ముసుగుతన్ని పడుకుంటే, వీళ్ళ పెరడు మాత్రం పచ్చగా ఉండేది. పైగా చలికాలం ఎండ ఏటవాలు, నీడ పొడుగు. తమ్ముడు అదంతా చూసుకునే ఇటుకలు పాతాడు. పొద్దుటికి తూర్పున, మధ్యాహ్నానికి దక్షిణాన, సాయంత్రానికి పడమట. ముల్లంగి, బఠాణీ ఎక్కడ వెయ్యాలన్నా ముందు అక్క నీడ ఎక్కడిదాకా వస్తుందో చూసేవాడు.

ఆమెతో ఎవరు మాట్లాడినా నేలవైపు చూసే మాట్లాడేవారు. "అక్కా, కాస్త ఎడమకి జరుగు, ముల్లంగికి అందట్లేదు" అనేవాడు తమ్ముడు. "వదినా, చెయ్యి చాపండి, ఆ మూల కొత్తిమీర వాడిపోతోంది" అనేది అతని భార్య. ఆమె ముఖం చూసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

అక్కకి కుట్టుపని వచ్చు. వీధి చివర షాపు పెట్టుకున్న టైలరమ్మ ఏటా వచ్చి అడిగేది. "కిటికీ పక్కన మెషిను ఖాళీగా ఉంది. ఉండటానికి పైన గది ఇస్తాను. వస్తావా, రావా?" అక్క ప్రాణం కొట్టుకునేది. కూర్చుని తినే యోగం ఎలాగూ లేదు, కనీసం కూర్చుని పనిచేసే యోగమైనా ఉండకూడదా?

"క్యాబేజీ కోత అవనీ, వెళ్దువుగాని" అనేవాడు తమ్ముడు. క్యాబేజీ అయ్యాక బఠాణీ. బఠాణీ అయ్యాక టమాటా. రేపు అన్నదానికి రూపు లేదంటారు. ఈ ఇంట్లో దానికి పూతా పిందే కూడా ఉండేవి.

ఈసారి టైలరమ్మ నవ్వలేదు. "ఇంకో అమ్మాయి అడుగుతోంది. సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఆ మాట చెబితే తమ్ముడు బఠాణీ తీగకి పురికొస కడుతూ, తలెత్తకుండా, "నువ్వెళ్తే మేం ఏమైపోవాలే అక్కా?" అన్నాడు. అక్క కరిగిపోయింది. కరగడం ఆమెకి కొత్తేం కాదు.

పొద్దుగూకే వేళ ఆమె రోజూ నీడ దులుపుకునేది. ఒక్కో కాలూ ఎత్తి విదిలిస్తే, పట్టుకున్న మట్టీ సన్నటి వేళ్ళూ రాలిపోయేవి. తమ్ముడు ఆ చలికాలం అదీ వద్దన్నాడు. "దులిపినప్పుడల్లా పీచువేళ్ళు తెగుతున్నాయే. కొన్నాళ్ళు అలాగే ఉంచు." ఆశకి అంతుండాలి. అక్క దులపడం మానేసింది.

సోమవారం పొద్దున, రాలేనని టైలరమ్మకి చెప్పి వద్దామని ఇటుక దిగింది. నీడ దిగలేదు. క్యాబేజీ వేళ్ళు దాన్ని అల్లుకుపోయాయి. గట్టిగా లాగితే పాలపన్ను ఊడినట్టు చిన్న చప్పుడైంది. నొప్పేం లేదు. నీడ మట్టిలో ఉండిపోయింది, ఆమె కాళ్ళు తేలికయ్యాయి.

షాపుకెళ్ళి, రాలేనని చెప్పబోయి, మెషిను ముందు కూర్చుండిపోయింది. టైలరమ్మ ఆమె కాళ్ళకింద చూసి, "నీడ ఇంట్లో పెట్టి వచ్చావా? మంచిపని చేశావు, ఇక్కడైతే బట్టలు తడిసేవి" అంది. అక్క సాయంత్రం దాకా కాజాలు కుట్టింది గానీ, మనసంతా ఇంటిమీదే. తమ్ముడు వీధులన్నీ వెతుకుతున్నాడేమో!

పరుగున వెళ్ళి గేటు దగ్గర ఆగిపోయింది. నీడ తనంతట తనే పడమటి ఇటుక దగ్గరికి జరిగి ముల్లంగి మీద పరుచుకుని ఉంది. పక్కన మూతపెట్టిన అన్నం పళ్ళెం. తమ్ముడు మట్టి గుల్ల చేస్తూ దానితో కబుర్లాడుతున్నాడు. "ఇవాళ భలే నిలబడ్డావే అక్కా. కాళ్ళు నొప్పులని ఒక్కసారీ అనలేదు." ఆ గొంతులో అంత ప్రేమ ఆమె ఎన్నేళ్ళుగానో వినలేదు.

తనని కట్టిపడేశారని ఇన్నాళ్ళూ ఏడ్చింది. కట్టిపడేసింది తనని కానేకాదని తెలిశాక, ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. గేటు తియ్యకుండానే వెనక్కి తిరిగింది.

పైన గదిలో ఉంటూ, ఎవరైనా వస్తారేమోనని చూసింది. క్యాబేజీ అయింది, బఠాణీ అయింది. ఎవరూ రాలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో మరదలు బట్టలమూటతో షాపులోకి వచ్చింది. అలవాటుగా ముందు నేల చూసింది. అక్కడేమీ లేకపోయేసరికి తలెత్తి అక్క ముఖంలోకి చూసింది.

"కొత్తగా చేరారాండీ?"

అక్క తలూపింది.

"ఇవి మా వదినగారివి. ఎప్పుడూ పెరట్లోనే ఉంటారు, ఆవిడకి వీటితో పనిలేదు. నాకు సరిపోయేలా కాస్త వదులు చేసిపెట్టండి."

అక్క మెడలోంచి టేపు తీసింది. "చేతులెత్తండి" అంది. మరదలు నడుం కొలిచి, మెషిను ముందు కూర్చుని, ఎప్పుడో తన చేత్తో వేసుకున్న కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలెట్టింది.