గట్టు మీద మహాజన సభ

యేసమ్మ పెద్దమ్మను చెరువులోకి తోసినప్పుడు నేను గట్టుకి ఇవతల ఉన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఆవిడ గేదెకి గడ్డి కోసుకుంటోంది. ఆ గట్టు, ఆ చెరువు మా తూడులంక పేట సొసైటీవి. కొల్లేటి అంచున మా తాతల పేర సర్కారు ఇచ్చిన భూమి. కాగితాల్లో శ్రీరంగనాయకులు గారి పేరు లీజుదారుడిగా తప్ప ఇంకెక్కడా లేదు. చేపలు ఆయనవి, లారీలు ఆయనవి, కాపలా ఆయనది. వలలు లాగే కూలి మాది.

"ఎవర్నడిగి ఎక్కావ్?" అన్నాడు వాచ్‌మన్.

"నా చెరువు గట్టెక్కడానికి ఎవర్నడగాలి బాబూ?" అంది పెద్దమ్మ. గొంతు కూడా పెంచలేదు.

అతను కొడవలి లాక్కున్నాడు. ఆవిడ గడ్డిమోపు వదల్లేదు. మోపుతో సహా తోసేశాడు. చేపల మేత కలిసిన నీళ్ళు, పైన నురగ. మెడదాకా మునిగి లేచింది. చేపల కాటా దగ్గర పనిచేసే స్టెల్లా పరుగెత్తుకెళ్ళి చీర కొంగు అందించి పైకి లాగింది. పెద్దమ్మ ఒంటి మీంచి నీళ్ళు కారుతుండగానే చెయ్యి చాపి, "కొడవలి ఇచ్చెయ్యి బాబూ," అంది.

అతను దాన్ని కాపలా పాక కప్పులో దోపాడు. "అయ్యగారిని అడిగి తీసుకో."

అయ్యగారు ఆ వారం చాలా పని మీద ఉన్నారు. ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్ నుంచి పాత బస్టాండు దాకా ఆయన ఫ్లెక్సీలే. మేత కొట్టుతో మొదలుపెట్టి, చెరువుల మీద ఎదిగి, ఇప్పుడు రాజ్యసభ అభ్యర్థి అయ్యారు. ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు.

ఆ వారంలోనే మా చెరువు లీజు ముగుస్తోంది. మళ్ళీ ఆయనకే పదేళ్ళు ఇవ్వాలా, లేక చెరువు మేమే తీసుకుని మా చేతులతో చేపలు పెంచుకోవాలా అన్నది తేలాలి. తేల్చేది తొమ్మిది మంది డైరెక్టర్లు. వాళ్ళెవరూ పేటలో లేరు. ఆదివారం ఆరాధన అయిపోగానే గుడి ముందుకి వ్యాను వచ్చింది. లీజు మీటింగు దాకా క్యాంపులో ఉంచడానికి అయ్యగారి మేనల్లుడు మణికంఠ తలుపు తీసి పట్టుకుని ఒక్కొక్కరినీ ఎక్కించాడు. సొసైటీ ప్రెసిడెంటు తోమా తాత ముందు సీట్లో కూర్చున్నాడు. ఆఖర్న తెల్ల చొక్కా వేసుకుని ఎక్కినాయన అబ్రహాం. మా నాన్న.

నేను మా పేటలో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్లని. వట్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. రాజ్యసభ పాఠం కూడా చెప్పాను. 'పరోక్ష ఎన్నిక' అని బోర్డు మీద రాసి కింద గీత గీశాను. పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టారు. అక్కడితో ఆ పాఠం అయిపోయిందనుకున్నాను.

పెద్దమ్మని తోసిన సాయంత్రం గుడి వాకిట్లో అందరూ చేరారు. పెద్దమ్మ జుట్టు ఇంకా తడిగానే ఉంది. స్టేషన్‌కి వెళదామని ఒకరు, వాచ్‌మన్‌ని పట్టుకుని తందామని ఒకరు. పెద్దమ్మ ఇద్దరినీ ఆపింది.

"తోసింది వాడు కాదురా, తోయించినోడు వేరే. ఆయనే వస్తాడు మన గుమ్మంలోకి. నిలబడ్డాడుగా ఎలక్షన్లో. ఓటడగడానికి రాకుండా ఉంటాడా? అప్పుడు అడుగుదాం. నా కొడవలీ అడుగుదాం, చెరువూ అడుగుదాం."

అందరికీ నచ్చింది. ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు దారికి అడ్డంగా కూర్చోవాలో అనేసుకున్నారు. స్టెల్లా లేచి, మెళ్ళో తువ్వాలు కండువాలా వేసుకుని, ఫ్లెక్సీలో నవ్వు నవ్వింది.

"అమ్మా, అక్కా, ఈసారి మీ ఇంటి బిడ్డగా నన్ను దీవించండి."

"దీవిస్తాం గానీ బాబూ, కాస్త చెరువులోకి దిగండి. లోతు చూసొద్దురు గాని," అంది ఎవరో వెనక నుంచి. వాకిలంతా నవ్వులు.

ఆ నవ్వుల్లో చెప్పడం నాకు కష్టమైంది. అయినా చెప్పాలి.

"ఆయన రాడు పెద్దమ్మా."

"ఎందుకు రాడు? పోయినసారి నిలబడ్డోళ్ళందరూ వచ్చారుగా. ఒకాయన నా గేదె దగ్గర కూర్చుని పాలు పిండుతున్నట్టు ఫోటో కూడా దిగాడు."

"ఇది ఆ ఎలక్షన్ కాదు. రాజ్యసభ. దీనికి మనకి ఓటు లేదు."

"మనకంటే? మన పేటకా?"

"జనం ఎవరికీ లేదు. ఎమ్మెల్యేలు వేస్తారు. అంతే."

 స్టెల్లా తువ్వాలు మెళ్ళోంచి తీసేసింది.

"అయితే ఆయన మనకి ఎప్పుడు దొరుకుతాడు?" అంది పెద్దమ్మ.

ఇది చదివే మిత్రులారా, మీలో చాలామంది కాలేజీల్లో చదువుతున్నారు. ఈ ప్రశ్నకి మీ పుస్తకంలో జవాబుందేమో చూడండి. నా పుస్తకంలో లేదు.

"పోనీ మన ఎమ్మెల్యే ఎవరికి వేస్తాడో మనకి తెలుస్తుందా?" అని ఇంకొకరు అడిగారు.

"పార్టీ చెప్పినవాళ్ళకి వేస్తాడు. రాసిన కాగితం పార్టీ ఏజెంటుకి చూపించి మరీ పెట్టెలో వెయ్యాలి. అది రూలు."

"మరి మనకి?"

"మనకి చూపించరు."

"ఓటేసి పంపింది మనం, కాగితం చూసేది ఏజెంటా?" అంది స్టెల్లా. తనది ఇంటర్ తప్పిన చదువు, కానీ పేపరు వదలదు. "అయినా రాజ్యాంగం మార్చొచ్చుగా దీవెనా? వందసార్లు పైనే మార్చారంటగా. మనమే ఎన్నుకునేట్టు ఇంకోసారి మార్చమను."

"మార్చొచ్చు. కానీ రెండు సభలూ ఒప్పుకోవాలి. ఓటేసిన వాళ్ళలో మూడింట రెండొంతుల మంది సరే అనాలి."

"రెండో సభ ఏది?"

"ఇదే. రాజ్యసభే."

ఈసారీ నవ్వారు గానీ అది వేరే నవ్వు. "వాళ్ళ కుర్చీ కిందకి వాళ్ళే వంగి దాని కాళ్ళు విరగ్గొట్టుకుంటారా ఎక్కడైనా?" అన్నారు ఎవరో.

యేసమ్మ పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. 

"మన సొసైటీలో మనం చేసుకున్నదీ ఇదేగా," అంది.

అవును. చెరువు లీజు మాట పూర్వం మహాజన సభ తేల్చేది. అంటే సభ్యులందరూ కూర్చుని చేతులెత్తాలి. పదకొండేళ్ళ కిందట ఒక క్రిస్మస్ విందులో తోమా తాత లేచి, ప్రతిసారీ అందరూ కూలి మానుకుని కూర్చోవడం ఎందుకు, మన తరఫున తొమ్మిది మంది చూసుకుంటారు, ప్రెసిడెంటునీ వాళ్ళే ఎన్నుకుంటారు అన్నాడు. మంచి మాటలాగే ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. బైలా, అంటే సొసైటీ రూలు, సవరించారు. ఆ తర్వాతి నుంచి మణికంఠకి పేటంతా తిరిగే పని తప్పింది. ఒక్క వ్యాను చాలు.

"పార్లమెంటు సంగతి మన చేతిలో లేదు. ఇది మనం రాసిందేగా. మనం మార్చలేమా?" అంది పెద్దమ్మ.

"మార్చొచ్చు. ఐదో వంతు మంది సంతకాలు పెడితే సభ పెట్టమని అడగొచ్చు," అన్నాను.

ఐదో వంతు కాదు, పేటంతా పెట్టింది. మర్నాడు నేనూ స్టెల్లా ఏలూరు సహకార శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాం. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు.

"మహాజన సభ మీ ప్రెసిడెంటు గారు పిలవాలమ్మా. ఈ కాగితం ముందు ఆయనకివ్వాలి."

"ఆయన క్యాంపులో ఉన్నారండీ."

"అయితే క్యాంపు నుంచి వచ్చాక రండి."

"ఆయన వచ్చేది లీజు మళ్ళీ ఇచ్చెయ్యడానికేనండీ."

"మేమేం చేస్తామమ్మా," అన్నాడతను. నిజంగానే ఏమీ చెయ్యలేదు.

నాన్న ఫోను మణికంఠ దగ్గర ఉంది. రెండు పూటలు ప్రయత్నిస్తే ఒకసారి ఇచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గర ఏదో గెస్ట్‌హౌస్ అట.

"బాగానే చూసుకుంటున్నారమ్మా. ఏసీ గది. రెండు పూటలా చేపల కూర."

"మన చెరువు చేపేనా నాన్నా?"

 ఆయన గొంతు తగ్గించి, "నీ ఉద్యోగం మాట చెప్పారు దీవెనా. వట్లూరులోనే, పెద్ద కాలేజీలో, పర్మనెంటు. నువ్వు ఎండలో బస్సు కోసం నిలబడటం నేను చూడలేను," అన్నాడు.

నాన్న నన్ను చదివించడానికి ఇదే చెరువులో నడుం లోతు నీళ్ళలో వల లాగాడు. ఆయన మాటకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. "ఆ ఉద్యోగం నాకొద్దు నాన్నా," అన్నాను. ఫోను పెట్టేశారు. ఎవరు పెట్టేశారో తెలీదు.

గురువారం ఏలూరు వైపు టపాకాయలు మోగాయి. స్టెల్లా ఫోన్లో చూసింది. అయ్యగారు ఎంపీ అయిపోయారు.

"ఎన్ని ఓట్లొచ్చాయంట?" అని అడిగింది పెద్దమ్మ.

"ఓటింగే జరగలేదంట. ఎన్ని సీట్లో అంతమందే నిలబడ్డారు. ఏకగ్రీవం."

"అంటే ఒక్క చెయ్యి కూడా లేవకుండానా?"

"ఒక్కటి కూడా."

ఆ టపాకాయలు ఆగకముందే వ్యాను వచ్చింది. సొసైటీ ఆఫీసంటే ఒక రేకుల గది. డైరెక్టర్లు తల దించుకుని లోపలికి నడిచారు. ఆడవాళ్ళం గది చుట్టూ కూర్చున్నాం.

"ఇది డైరెక్టర్ల మీటింగమ్మా. మీరుండకూడదు," అన్నాడు మణికంఠ.

"మేం బయటే ఉన్నామండీ," అంది పెద్దమ్మ. "ఆ తలుపొక్కటి తీసుంచండి. అక్కడ ఎమ్మెల్యేలు వాళ్ళ ఏజెంటుకి చూపించి వేస్తారంట. ఇక్కడ ఏజెంట్లం మేమే. ఎవరి చెయ్యి లేస్తుందో చూస్తాం."

మణికంఠ తలుపు వెయ్యబోయాడు. స్టెల్లా గడప మీద కూర్చుంది. తలుపు పడలేదు.

తోమా తాత కాగితం చదివాడు. సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్కో చెయ్యీ లేచింది, మోచెయ్యి దాకా, సగం సగంగా. ఎత్తినవాళ్ళెవరూ గుమ్మం వైపు చూడలేదు. నాన్న చూశాడు. నన్ను చూసి, పెద్దమ్మని చూసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అబ్రహాం గారూ, మనం ఏమనుకున్నాం?" అన్నాడు మణికంఠ.

"అనుకున్నామండీ. చెయ్యి లేవట్లేదు." ఆయన లేచి, స్టెల్లాని దాటి, మా మధ్య కింద కూర్చున్నాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు.

"పర్లేదు. ఆరు చాలు," అన్నాడు మణికంఠ. లీజు మళ్ళీ అయ్యగారికే వెళ్ళింది. మరో పదేళ్ళు.

 ఓడిపోయామని అందరికీ తెలుసు. అప్పుడు యేసమ్మ పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"వాళ్ళ సభ అయ్యింది. ఇక మన సభ. గట్టు మీద పెట్టుకుందాం."

పేట పేటంతా నడిచింది. వాచ్‌మన్ దారికి అడ్డంగా నిలబడి, జనాన్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. పెద్దమ్మ నేరుగా పాక దగ్గరకెళ్ళి కప్పులోంచి తన కొడవలి లాక్కుంది. తర్వాత నన్ను చదవమంది. మేం రాసుకున్నది రెండే మాటలు. చెరువు సంగతి సభ్యులందరూ కలిసి తేల్చాలి. మన తరఫున ఎవరు నిలబడాలో మనమే ఎన్నుకోవాలి, మాట తప్పితే మనమే దింపాలి.

"సమ్మతమైనవాళ్ళు?" అన్నాను.

చేతులు లేచాయి. ఏ చెయ్యీ సగంలో ఆగలేదు. నాన్న చెయ్యి నా పక్కనే ఉంది. వల తాళ్ళకి కాయలు కట్టిన చెయ్యి.

పోలీసులు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎస్సై నెమ్మదైన మనిషి.

"ఈ తీర్మానం చెల్లదమ్మా. రూలుంటుంది."

"రూలు ఇప్పుడే మార్చామండీ," అంది పెద్దమ్మ.

"మార్చడానిక్కూడా ఒక రూలుంటుంది."

"ఆ రూలు ప్రెసిడెంటు గారి దగ్గరుందంటండీ. ఆయన అదిగో, ఆ వ్యానులో ఉన్నారు. అడగండి."

ఎస్సై వ్యాను వైపు చూడలేదు. పెద్దమ్మనీ నాన్ననీ జీపెక్కించారు. అక్రమ ప్రవేశం అని రాసుకున్నారు. పెద్దమ్మ గడ్డి కొడవలిని మారణాయుధం అని రాసుకున్నారు. ఆ మాట వాళ్ళకి పనికొచ్చినట్టుంది. పేటలో ఇల్లిల్లూ వెతికి కొడవళ్ళన్నీ గోనెసంచిలో వేసుకుపోయారు.

మర్నాడు స్కూల్లో నన్ను గేటు దగ్గరే ఆపేశారు. అక్కడి నుంచి స్టేషన్‌కి వెళ్ళాను. కటకటాల వెనక నాన్న నా మొహం చూసి అడగకుండానే గ్రహించాడు.

"పోయిందామ్మా?"

"పోయింది నాన్నా."

 పక్క గదిలోంచి పెద్దమ్మ గొంతు వినపడింది. "దీవెనా, నా గేదె మేత తిన్నదా?"

తిన్నది. ఆ ఉదయం జరిగింది ఆవిడకి గోడ ఇవతల నుంచే చెప్పాను.

తెల్లారేసరికి ఆడవాళ్ళందరూ గట్టు మీద ఉన్నారు. వాచ్‌మన్‌కి ఇంకా ధైర్యంగానే ఉంది. "కొడవళ్ళు లేవుగా, ఏం కోస్తారు?" అన్నాడు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేతులతో గడ్డి పీకడం మొదలుపెట్టారు. ఆకు అంచులకి వేళ్ళు సన్నగా తెగుతున్నాయి. వేర్లతో సహా మట్టి లేచి వస్తోంది. మోపులు కట్టాక స్టెల్లా లేచి నిలబడింది.

"యేసమ్మ పెద్దమ్మనీ అబ్రహాం బాబాయినీ వదిలేదాకా వలలు లాగం. లారీ ఎక్కించం. రోజూ ఇక్కడే సభ పెడతాం. సమ్మతమైనవాళ్ళు?"

వాచ్‌మన్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల మణికంఠ ఎంతమంది అని అడుగుతున్నట్టుంది. అతను కాసేపు మా వైపు చూశాడు. మట్టీ, గడ్డి పసరూ, సన్నటి నెత్తురు గీతలూ ఉన్న చేతులు గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా లేచి ఉన్నాయి.

"మనుషులు కంటికి ఆనట్లేదండీ," అన్నాడు. "చేతులే కనపడుతున్నాయి. ఇంకా దించలేదు."