ఖాళీ చాంబరుకి కాపలా

నేను ఒక ఇనుప మూతను. పాత చెరకు గానుగల చక్రాలు కరిగించి, రాజమండ్రి శివారులో ఒక రేకుల షెడ్డులో నన్ను పోత పోశారు. మురుగు మీద కూర్చోవడానికే పుట్టానని ఆరోజే తెలిసింది. బాధపడలేదు. పని పనే.

ఆ పని ముప్పై ఏళ్ళు నాకు దొరకలేదు.

నన్ను కొన్న కాంట్రాక్టరు కొత్త ఇంటి గేటు పక్కన గొయ్యి తవ్వించి, చాంబరు కట్టించి, నున్నగా సిమెంటు పూయించి, పైన నన్ను పెట్టించాడు. గొట్టం మాత్రం కలపలేదు. వీధి లైను దాకా తవ్వడానికి బద్ధకం. పక్కన ఖాళీ స్థలం కనిపించింది. గొట్టం పెట్టి ఇంటి మురుగంతా అటు వాల్చేశాడు. తనిఖీకి వచ్చిన మనిషి మోటారు సైకిలు దిగకుండానే నన్ను చూసి, "మూతుంది కదా" అని సంతకం పెట్టాడు. తర్వాత ఆ స్థలంలో ఇల్లు లేచింది. అక్కడి పనివాళ్ళకు ఈ గొట్టం దొరికింది. ఎవరికీ చెప్పకుండా ఆ ఇంటి చాంబరులో కలిపేశారు. నా మీద ముగ్గులు వేశారు, స్కూటర్లు నిలిపారు. నా కింద ఒక బల్లి కాపురం చేసింది. మూతను అడిగేవాడెవడు?

చివరికి నేనున్న ఇల్లు ఎస్తేరమ్మ చేతికి వచ్చింది. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయిన మనిషి. తనతో డ్యూటీలు చేసిన మరో ముగ్గురు నర్సులతో కలిసి బతుకుదామని, ఇంటిని నాలుగు ఫ్లాట్లుగా మార్చాలనుకుంది. ఆ ముగ్గురిలో ఒకామె నెలన్నరలో ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆలోపు అనుమతి రాకపోతే ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

ప్లాన్లు గీసే పేర్రాజు నా మీదే కుర్చీ వేసుకుని దరఖాస్తు నింపాడు.

"మురుగునీటి ఏర్పాటు సంతృప్తికరం. సంతకం పెట్టెయ్యండమ్మా."

"నీళ్ళు ఎక్కడికి పోతున్నాయండీ?"

"గొట్టంలోకండి."

"ఆ గొట్టం ఎక్కడికి పోతోందని."

"ఇన్నేళ్ళూ ప్లాన్లు గీశానండి, ఆ మాట అడిగినోళ్ళు లేరండి. కాగితం మీద గీతుంటే చాలండి, ఆయ్."

"పేషెంటుకి ట్యూబు వేసి, చివర సంచీ చూడకుండా చార్టు రాస్తే మా మేట్రన్ నన్ను గేటు బయట నిలబెట్టేదండి. చూశాకే సంతకం."

ఎందరో నన్ను తొక్కారు. అలా మాట్లాడిన మనిషిని చూడలేదు.

మర్నాడు తాపీమేస్త్రీ కొండబాబు వచ్చాడు. పసుపూ సున్నం కలిపిన నీళ్ళు మేడమీద బాత్రూములో పోసి, ఆ ఎర్రనీళ్ళు ఎక్కడ తేలతాయో చూడటం అతని పద్ధతి. గునపంతో నన్ను లేపాడు. బల్లి పారిపోయింది. బిందెడు నీళ్ళు పోసి వచ్చి, ఇద్దరూ గొయ్యిలోకి చూస్తూ నిలబడ్డారు. చుక్క రాలేదు.

కేక పక్కింట్లోంచి వచ్చింది. మంగతాయారు తన పెరట్లో చాంబరు మూత తీయించి కడిగిస్తోంది.

"ఏమ్మా నర్సమ్మా! మా ఇంట్లోకి దిష్టినీళ్ళు తోలతావా? మేం నీకేం చేశాం?"

"దిష్టి కాదండీ, మంగతాయారుగారూ. మా బాత్రూము నీళ్ళండి."

"దానికంటే దిష్టే నయం కదమ్మా!"

కొండబాబు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. సంగతంతా విన్నాక మంగతాయారు గొంతు తగ్గింది. "మా చాంబరు పొంగినప్పుడల్లా మెతుకులు పడేస్తోందని మా కోడల్ని తిట్టేదాన్ని." ఆ కోడలికి ఆ తర్వాతైనా ఒక మంచి మాట చెప్పినట్టు నేను వినలేదు.

"ఆవిణ్ణి దిష్టే అనుకోనివ్వాల్సిందండి," అన్నాడు, సాయంత్రం దరఖాస్తు కోసం వచ్చిన పేర్రాజు. "కొత్త లైనంటే మీ స్నేహితురాలి గడువు దాటిపోద్దండి."

ఎస్తేరమ్మ దరఖాస్తు అందుకుంది. 'సంతృప్తికరం' కొట్టేసి తన చేత్తో రాసింది: "ఈ ఇంటి మురుగు పక్కింటి చాంబరులోకి పోతోంది. గేటు దగ్గరి చాంబరు ఉత్తుత్తిది. వీధి లైనుకు కొత్త గొట్టం వేసి, నీళ్ళు పోసి చూపిస్తాను. చూశాకే అనుమతి ఇవ్వండి."

తవ్వకానికి మూడు వారాలు పట్టింది. కొండబాబు గజం గజానికీ రసమట్టం పెట్టి వాలు చూశాడు. కుదరని చోట వేసిన గొట్టం మళ్ళీ ఊడదీశాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. మనుషుల్లో అలాంటివాళ్ళూ ఉన్నారని ఒప్పుకోక తప్పదు.

తనిఖీ రోజున వచ్చినాయన్ని ఎస్తేరమ్మ బండి దింపి, నా పక్కన నిలబెట్టింది. నన్ను తీశారు. మేడమీద బిందె వంచారు. ముందుగా గోడ అవతలి నుంచి మంగతాయారు అరిచింది:

"మా ఇంట్లోకి చుక్క రాలేదండోయ్!"

అప్పుడు నా గొయ్యిలోకి వచ్చాయి, ఎర్రగా, చప్పుడు చేసుకుంటూ. ఎక్కడా నిలవకుండా వీధివైపు సాగిపోయాయి. వచ్చినాయన అది చూశాకే సంతకం పెట్టాడు.

గడువుకు మూడు రోజుల ముందు క్వార్టరు ఖాళీ చేసిన నాలుగో నర్సు ఆటో దిగి, తన ట్రంకుపెట్టె నా మీదే పెట్టింది.

ఇప్పుడు నా కింద నలుగురి స్నానాలూ, అంట్లూ, బట్టల సబ్బునీళ్ళూ పారుతుంటాయి. కంపే. ప్రతి నెలా ఎస్తేరమ్మ నన్ను తీయించి, వంగి, లోపలికి చూస్తుంది. "పోతోంది," అని పుస్తకంలో రాసుకుంటుంది. ఇన్నేళ్ళలో నా కింద ఏముందో వంగి చూసిన యజమాని ఆవిడొక్కతే.