రెండో కుర్చీ

ఎల్వుడ్ భార్య కోరా బతికున్నన్నాళ్లూ తెల్ల గౌన్లే వేసుకునేది. అందుకే ఎక్కడ కూర్చోవాలన్నా ఆయన ముందు రుమాలు తీసి రెండు కుర్చీలూ తుడిచేవాడు. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆ అలవాటు పోలేదు. మా స్టూడియో భోజనాల గదిలో రెండూ తుడిచి, ఒకదాంట్లో కూర్చునేవాడు. ఆ రెండోదాంట్లో మేమెవరమూ కూర్చునేవాళ్లం కాదు.

ఆయన కార్టూన్ బొమ్మలు గీసేవాడు. వాటిని పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద సిరాతో దిద్దడం నా పని. ఆ ఏడాది మా కొత్త హీరో ఫెర్గస్ అనే కొంగ. ఎల్వుడ్ బల్ల మీద అద్దం పెట్టుకుని, తనను తాను చూసుకుంటూ దాన్ని గీశాడు. కొంగ హోటల్‌కి వస్తుంది, రెండు కుర్చీలు తుడుస్తుంది, ఒక్కటే కూర్చుంటుంది. దాన్ని దిద్దుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మా డైరెక్టర్ ప్రూట్‌కి అవేం పట్టవు. "రెండో కుర్చీ ఎవరికయ్యా? ఆడకొంగనైనా తీసుకురా, లేదంటే పీకెయ్."

"ఎవరూ రారు. కుర్చీ ఉండాల్సిందే," అన్నాడు ఎల్వుడ్. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"సరే, శనివారం గ్లెండేల్ హాల్లో వేసి చూద్దాం. జనం నవ్వితే ఉంటుంది. లేదా, కత్తెరే."

శనివారం మధ్యాహ్నం ఆట. కొంగ మొదటి కుర్చీ తుడిచింది. హాల్లో చప్పుడు లేదు. రెండోది తుడిచి, పక్కకోసారి చూసి, కూర్చుంది. హాలంతా గొల్లున నవ్వింది. హమ్మయ్య, కుర్చీ నిలిచిందని నేనూ సిగ్గులేకుండా నవ్వాను.

ఆట వదిలాక పక్కనున్న కాఫీ హోటల్‌కి వెళ్లాం. ఎల్వుడ్ ఎప్పట్లాగే రుమాలు తీసి రెండు కుర్చీలూ తుడిచాడు.

"ఒరేయ్, ఈ పెద్దాయన్ని చూడండ్రా. అచ్చం ఆ కొంగలాగే చేస్తున్నాడు," అన్నాడు వెనక బల్ల దగ్గరి లావుపాటాయన. "బాబ్బాబు, ఇంకొక్కసారి చెయ్యండి సార్. మా ఆవిడ చూళ్లేదు."

ఎల్వుడ్ కాసేపు రుమాలు వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వాళ్ల కోసం మళ్లీ తుడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం ప్రూట్ చంకలు గుద్దుకుంటూ వచ్చాడు. ఇంకో ఆరు కొంగ కార్టూన్లట, ప్రతిదాంట్లోనూ రెండు కుర్చీలట. మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ తినడం ఆపి ఎల్వుడ్ కోసం చూశారు. ఆయన వచ్చి, రుమాలు తీయకుండానే కూర్చున్నాడు.

పక్క కుర్చీ మీద ఎవరో రాల్చిన రొట్టె పొడి ఉంది. నా చేతిలో రుమాలుంది. తుడుద్దామని లేచాను కూడా. కానీ అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారని మళ్లీ కూర్చుండిపోయాను.