గాలి మళ్ళిన శుక్రవారం

చేప కడుపు చీల్చి పేగులు లాగేటప్పుడు ఊపిరి బిగబట్టడం రషీదున్నీసాకు అలవాటైంది. ఒమాన్ తీరాన ఈ ఖురియాత్‌లో చలి పోయి గాలి మళ్ళి సముద్రం వైపు నుంచి వీచిందంటే చాలు, ఊరంతా ఒకటే కంపు. పశువుల మేతకని ఒడ్డున ఇసుకలో పరిచి ఎండబెట్టే చిన్న చేపలు, వాటి మీద ముసిరే ఈగలు, తోటల్లో విచ్చిన మగ ఖర్జూరపు పూల పచ్చి వాసన. ఆ పూల వాసన దేన్ని గుర్తుచేస్తుందో పెళ్ళయిన ఏ ఆడదానికైనా తెలుసు, ఎవరూ పైకి అనరు. వసంతమంటే కోయిల కూత, మల్లెల గుబాళింపు అని చెప్పిన బడిపంతులు ఒక్క శుక్రవారం ఈ వంటింట్లో కూర్చుంటే పాఠం మార్చుకునేవాడు.

భర్త ఫుర్ఖాన్ చేపల కంపెనీలో ఐసు బండి నడుపుతాడు. మస్కట్‌కు సరుకు దించి, ఒళ్ళంతా చేపనీళ్ళు కారుతూ వచ్చి, గడపలోనే ముక్కు మూసుకుంటాడు. ఇల్లంతా నీసు కంపు, పొద్దస్తమానం ఏం చేస్తాంటావు అని ఆమెనే అడుగుతాడు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా! ఆయన విప్పి పడేసిన చొక్కా ఎన్ని నీళ్ళు మార్చి ఉతికినా ఆ కంపు వదలదు. పోయినేడు ఈ రోజుల్లోనే ఆమె వాంతి చేసుకుంటే, ఆ సంగతి కడపకు చేరి, అత్త కేసెట్లో మాట నింపి పంపింది. వాసన పడలేదంటే కడుపన్నా వచ్చుండాల, కొవ్వన్నా పట్టుండాల అని. ఫుర్ఖాన్ ఆ కేసెట్టును స్నేహితుల ముందే పెట్టాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె వాళ్ళకు టీ పోసింది.

ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది వెనక గది ఒక్కటే. అక్కడ కుట్టుమిషను, చుట్టుపక్కల ఒమానీ ఆడవాళ్ళు కుట్టడానికిచ్చిన గుడ్డలు. మిషను ముందు కూర్చున్నప్పుడే ఆమెకు తాను ఒక మనిషినని గుర్తొస్తుంది. గుడ్డ ముట్టుకునే ముందు నిమ్మచెక్క రుద్ది, శనగపిండితో చేతులు కడుక్కుంటుంది. అయినా మొన్న ఒకావిడ కొత్త గౌను ముక్కు దగ్గర పెట్టుకుని, అక్కడే వదిలేసి పోయింది. రషీదున్నీసా సిగ్గుతో చచ్చిపోయింది.

ఈ శుక్రవారం భోజనానికి కంపెనీ యజమాని సాలిం వచ్చాడు, అందరూ అర్బాబ్ అనే పెద్దమనిషి. వెంట డ్రైవర్లు. తెర వెనక మజ్జిగ కలుపుతున్న ఆమెకు మొగుడి మాట వినిపించింది. డ్రైవర్లందరికీ రెండు పూటలా వంట ఇక తన ఇంట్లోనేనని, పెద్ద పొయ్యి వెనక గదిలో పెట్టిస్తానని హిందీలో అర్బాబ్‌కు చెప్తున్నాడు.

"ఆమెను ఓ మాట అడుగు తమ్మీ," అన్నాడు దేవయ్య, అందరిలోకీ పెద్ద డ్రైవరు, కరీంనగర్ వైపు మనిషి.

"దాన్ని అడిగేదేముందన్నా. ఇంట్లో ఖాళీగానే కదా ఉండేది."

ఆఖర్న పోసే అరబ్బు కాఫీ, కహ్వా తాగి మాట ఖాయం చేసుకుందామన్నాడు అర్బాబ్.

ఆమెకు రోత పుట్టింది. తెర సందులోంచి కనబడే మొగుడి గడ్డానికి అంటిన పులుసు, వేళ్ళు చీకే చప్పుడు, ఆ 'ఖాళీగానే' అన్న మాట, అన్నీ కలిసి ఒకే కంపులా తగిలాయి. ఇన్ని చేపలు రోజూ తోమే చేతులతో ఇక ఎవరి గుడ్డ ముట్టుకోగలదు? కాఫీ దాకా ఆగిందంటే మగవాళ్ళ మాట ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఏడ్చినా మొత్తుకున్నా అరణ్యరోదనే.

కహ్వా కూజా పొయ్యి మీద నుంచి దించి పక్కన పెట్టింది. ధూపపు కుండీలో నిప్పులు వేసి బఖూర్ అనే సుగంధపు పలుకులు చల్లింది. ఈ దేశంలో విందు పూర్తయ్యాక, ఆఖరున, మగవాళ్ళ గడ్డాలకూ బట్టలకూ ఆ పొగ పట్టిస్తారు. అది తిరిగాక అతిథి ఇక కూర్చోడు, కూర్చుంటే మర్యాద కాదు. పక్కింటి ఉమ్ సయీద్ చెప్పిందది. రషీదున్నీసా తలమీద దుపట్టా సర్దుకుని, తెర తీసి, మగవాళ్ళ మధ్యకు నడిచి కుండీని అర్బాబ్ ముందు పెట్టింది.

పళ్ళెంలో అన్నం సగం అలాగే ఉంది. అర్బాబ్ ఆశ్చర్యంగా కుండీని చూశాడు, ఆమె మొహం చూశాడు. ఏమనుకున్నాడో, చెయ్యి కడుక్కుని, గడ్డానికి పొగ పట్టించుకుని, అల్లాను తలుచుకుంటూ లేచాడు. ఆయన లేచాక డ్రైవర్లు మాత్రం ఎలా కూర్చుంటారు? దేవయ్య మీసాల చాటున నవ్వుకుంటూ చెప్పులు వేసుకున్నాడు.

ఫుర్ఖాన్ మాత్రం ఎంగిలి చేత్తో అక్కడే కూర్చున్నాడు. "కహ్వా కూడా పొయ్యకుండా అర్బాబ్‌నే లేపేస్తివి కదే. నా పరువేం కావాల?"

ఆమె కుండీని ఆయన ముందుకు జరిపింది.

"ఆ గదిలో పొయ్యి పెట్టేది లేదు. పొగ తిరిగినాక ఎవ్వురూ కూసోకూడదంట. మీరూ లేయండి, గిన్నెలు కడుగుదురు గాని."