తడిక తీసిన రోజు

తమ్ముడు వెంకటముని పంచెలు రెండు, దుప్పటి, చక్కెర జబ్బు మాత్రలు సంచిలో సర్దాను. వాటి మీద నా చీరలు, కూడబలుక్కుని చదివే నా వారపత్రికలు పెట్టాను. నాయుడుపేటలో వాడు కాపలా కాసే గోడౌను మూతపడింది. ఐరాల అవతల కొండ కింద దేవరాజులు అనే ఆసామి గొర్రెలకు కాపరి కావాలని తెలిసింది. మా ఇంట్లో సంచి సర్దుకుని వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాడు వీడొక్కడే. అందుకే ఈసారి నేనూ బయలుదేరాను.

ఆటో పోలేని చోటి నుంచి నడిచాం. వాడి కుడికాలు ఎప్పుడో విరిగితే పుత్తూరులో కట్టు కట్టించాం. ఎముక అతికింది గాని కుంటు పోలేదు. గుట్ట ఎక్కగానే ముళ్లకంచె, రేకుల గది, గొర్రెల మంద కనిపించాయి. మరో ఇల్లు కంటికి ఆనలేదు.

దేవరాజులు బండి దిగకుండానే నవ్వాడు.

"ఏమబ్బా కుంటోడా, గొర్రెల్ని నువ్వు మేపుతావా, అవి నిన్ను మేపుతాయా?"

"నిదానంగా నడస్తా సామీ."

"అవ్వ సంచిలో పుస్తకాలుండాయే! గొర్రెలకు బడి పెడతావా అవ్వా?"

పొద్దున్నే తల్లిగొర్రెలు మేతకు కొండకు పోతాయి. నెల నిండని పిల్లలను తడికల దొడ్డిలో ఆపుతారు. అవి సందుల్లో మూతులు పెట్టి అరిచాయి. తల్లులు వెనక్కి తిరిగి అరిచాయి. దేవరాజులు తల్లుల మూతుల మీద కర్రతో కొట్టి తోలాడు. మొదటిరోజు చెవులు మూసుకున్నాను. రెండోరోజు అన్నం సయించలేదు. మూడోరోజు దేవరాజులు రాలేదు. తమ్ముడు మంద ముందు నడుస్తుంటే, వెనక నేను తడిక తీశాను. పిల్లలు తల్లుల వెంట పరిగెత్తాయి. తమ్ముడికీ పని కొత్తే, వాటిని వెనక్కి పంపలేదు. మంచిపని చేశాననుకున్నాను.

సాయంత్రం మంద దిగేసరికి దేవరాజులు వచ్చి ఉన్నాడు. ఒక తల్లి పాలు చేపుకొచ్చి అరుస్తూ తిరుగుతోంది. దాని పిల్ల లేదు.

"తడిక ఎవురు తీసింది?"

"నేనే నాయనా. వాటి అరుపు వినలేక..."

"పాలు తాగే పిల్ల కొండెక్కుతుందా? అలిసిపోయి యాడో పొదలో పండుకోనుంటాది. నక్కలకు విందు పెట్టినావు." తమ్ముడి వైపు తిరిగాడు. "పో. పిల్ల దొరికితేనే దిగు. లేకుంటే రేపు అక్కా తమ్ముడూ సంచి ఎత్తుకోండి."

"తప్పు నాది, నేను పోతా. వాడి కాలు..."

"నువ్వు పోతే, మళ్లా నిన్నెవురు ఎతకాల?"

"ఊరుకో అక్కా," అన్నాడు తమ్ముడు. "ఇది పోతే మనం యాడికి పోతాం? అన్నం వండు, వస్తా."

"మాత్ర వేసుకుని పోరా."

"వచ్చినాక."

కర్ర ఆనించుకుంటూ ఎక్కాడు. తెల్లచొక్కా కాసేపు కనిపించింది. వాన మొదలైంది. దేవరాజులు బండెక్కి వెళ్లిపోయాడు.

తెల్లారి వాన వెలిసింది. తల్లిగొర్రె కంచె దగ్గర నిలబడి అరిచింది. నూరడుగుల దూరంలో, మొట్టమొదటి పొదలోంచి పిల్ల బదులు పలికింది. అది కొండ ఎక్కనే లేదు.

పొద్దున్నే వచ్చిన దేవరాజులు దాన్ని తెచ్చి తల్లి కింద వదిలాడు.

"బతికినాది అవ్వా, నీ పుణ్యం. నీ తమ్ముడే పనికి భయపడి పారిపోయినాడు."

మూడు రోజులు వెతికారు. వాగు ఒడ్డున కర్ర దొరికింది. మాత్రలు సంచిలోనే ఉన్నాయి.

నా తమ్ముడు వెంకటముని తిరిగి రాలేదు. వాడు కొండెక్కింది 2023 ఆగస్టు పన్నెండు, శనివారం.